ఉత్తమ కస్టమర్

మా ఆయన నాగభూషణానికి ప్రొద్దుటూరులో సన్మానం జరిగింది. ఇరవై రెండేళ్లుగా కిరాణా అంగడి నడుపుతున్నందుకు కాదు. మా ఎదురుగా తెరిచిన సూపర్ మార్కెట్‌లో అందరికంటే ఎక్కువ సరుకు కొన్నందుకు.

అది వచ్చిన నెలకే మా బేరాలు సగమయ్యాయి. వాళ్లు అమ్మే చక్కెర, మాకు హోల్‌సేల్‌లో పడే ధరకన్నా కిలోకు మూడు రూపాయలు తక్కువ. "తక్కువ ధర యాడుంటే ఆడ కొనేదే వ్యాపారం" అంటూ మా ఆయన సంచి తీసుకుని వాళ్ల దగ్గరికే బయలుదేరాడు. మనిషికి రెండు కిలోలే ఇస్తామంటే నన్నూ, మా అమ్మాయి సింధూనీ, జమ్మలమడుగు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా మరిదినీ వరుసలో నిలబెట్టాడు. మరిది మళ్లీ మా గడప తొక్కలేదు.

రోజూ అలా తెచ్చిన చక్కెరనే పొట్లాలు కట్టి మా ధరకే అమ్మాం. వందగ్రాములడిగినా ఇచ్చి, పైన గుప్పెడు కొసరు వేసేవాళ్లం. కొసరు వేసే మెషిన్ వాళ్ల దగ్గర లేదు. జనం తిరిగొచ్చారు. అంగడి బతికిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకరోజు ఆ సూపర్ మార్కెట్ మేనేజర్ గిరీష్ వచ్చాడు. దొరికిపోయామనుకున్నాను.

"అన్నా, ఈ నెల మా ఉత్తమ కస్టమర్ నువ్వే. శాలువా కప్పి, ఫ్లెక్సీ ఏస్తాం."

వద్దనమని నేను కళ్లతోనే మొత్తుకున్నాను. శాలువా అన్న మాట చెవిన పడ్డాక మా ఊరి మగవాళ్లకు పెళ్లాం కనబడుతుందా?

"ఫోటో యాడ దిగల్ల?" అన్నాడు మా ఆయన.

సోమవారానికల్లా పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. అందులో మా ఆయన శాలువాతో, దండతో, మా అంగడివైపే చూసి నవ్వుతున్నాడు.

మా పాత ఖాతాదారు అమీనాబీ దాన్నీ చూసింది, చేతిలోని చక్కెర పొట్లాన్నీ చూసింది.

"నువ్వే ఆడ కొంటాండావు గదన్నా. మరి మేం ఈడ కొనేదెందుకు?"

కోపంగా అని ఉంటే తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. మెల్లగా అడిగి, పొట్లం బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఆ వారంలో మిగిలినవాళ్లూ వెళ్లిపోయారు.

రెండు నెలలకు అంగడి మూసేశాం. వాళ్లు దించేసిన ఫ్లెక్సీని మా ఆయనే అడిగి తెచ్చి, వాన కొట్టకుండా తలుపులకు కట్టాడు. నిన్న పులివెందుల నుంచి వచ్చిన పాత స్నేహితుడొకడు మూసిన అంగడినీ, దండ వేసిన ఫోటోనీ చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఎప్పుడు పోయినాడమ్మా?"

"మనిషి ఇంట్లోనే ఉండాడన్నా, శాలువా కప్పుకొని. పోయింది అంగడి" అన్నాను.