తొమ్మిది గంటల అనుమతి

జంగయ్య కుడిచేతి బొటనవేలిని లుంగీకి రెండుసార్లు తుడిచి, వెలుతురులో పెట్టి చూసుకుని, మూడోసారి తుడిచాడు. అయినా మరక పోలేదు. ఏళ్ల తరబడి జెర్బెరా పూలు తెంపీ తెంపీ పట్టిన పసరు అది. గోటి చుట్టూ గోరింటాకులా కుదురుకుపోయింది. మోటారు గది గోడకు కొట్టిన చెక్క పలక మీద ఫోను నిలబెట్టి ఉంది. తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆయన చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మండలాఫీసులో కూడా జంగయ్య ఏనాడూ అంత బుద్ధిగా నిలబడలేదు.

తొమ్మిది కాగానే ఫోను దానంతటదే వెలిగింది. తెర అడుగున తెల్లటి డబ్బా ఒకటి వచ్చింది. అందులో రెండు మాటలున్నాయి. ఎడమవైపుది నొక్కకూడదు, కుడివైపు నీలంది నొక్కాలి. జంగయ్యకు వచ్చిన చదువు అంతే, దాన్ని మాత్రం ఏనాడూ తప్పలేదు. నీలం మాట మీద వేలు పెట్టి గట్టిగా అదిమాడు. రోజుకు నాలుగైదుసార్లు, ఎనిమిది నెలలుగా అదే చోట అదమడం వల్ల గాజు మీద బొటనవేలంత మరక పడి ఉంది. గుడ్డతో తుడిస్తే పలచబడేది, మర్నాటికి మళ్లీ వచ్చేది.

"వచ్చిన బిడ్డా. చాయ తాగినవా?" అన్నాడు ఫోనుతో.

తెర మీద తెల్లటి చుక్క ఒకటి పుట్టింది. అది చకచకా నడిచి ఒకచోట తట్టింది, ఇంకోచోట తట్టింది. గది మూలలో మోటారు గుర్రుమంది. బయట ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌసుల్లో నీళ్లు పారడం మొదలైంది.

ఆ చుక్క సమత చెయ్యి అని జంగయ్య నమ్మకం. సమత పట్నంలో తోట యజమాని సారు ఆఫీసులో పనిచేసే అమ్మాయి. అక్కడ తన కంప్యూటరు ముందు కూర్చుని, మొయినాబాదు దాటాక చేవెళ్ల రోడ్డు నుంచి లోపలికున్న ఈ తోటలోని ఫోనును నడుపుతుంది. ఫోను మోటారును నడుపుతుంది, మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లను నడుపుతుంది. అయితే అంత పెద్ద కంప్యూటరు కూడా లోపలికి రావాలంటే ముందు జంగయ్యను అడగాల్సిందే. ఆయన నీలం మాట నొక్కాల్సిందే.

ఫోను రాకముందు పంతొమ్మిదేళ్లు ఆ మోటారు ఆయన చేతిలోనే నడిచింది. పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం. అంతకు ముందు సొంతూరు ముడిమ్యాలలో బావులు తవ్వాడు, క్యారెట్ మూటలు మోశాడు. బడి మాన్పించినప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదు. గోపమ్మతో పెళ్లి కుదిర్చినప్పుడూ అడగలేదు. తోటలో కొత్త షెడ్లు లేచినప్పుడు, పాత షెడ్లు పడగొట్టినప్పుడు, చివరికి ఈ ఫోను తెచ్చి గోడకు పెట్టినప్పుడు కూడా ఎవరూ మాటవరసకైనా అడగలేదు. యాభై ఎనిమిదేళ్ల బతుకులో జంగయ్యను అడిగి చేసే పని ఇదొక్కటే. అందుకే ఆ డబ్బా వచ్చినప్పుడల్లా ఆయనకు లోపల ఎక్కడో గొప్పగా ఉండేది. అలాగని ఎవరికీ చెప్పుకోలేదు, గోపమ్మకు తప్ప.

ఫోను విషయంలో ఆయన చేసిన తప్పు ఒకటుంది. దసరాకు పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టాడు. మోటారుకు పెట్టాడు, కత్తెరకు పెట్టాడు, ఫోనుకు మాత్రం ఎందుకు పెట్టకూడదని దాని వీపు మీదున్న మూడు గుండ్రాలకూ మూడు బొట్లు పెట్టాడు. మర్నాటి నుంచి ఆయన పంపిన పూల ఫొటోలన్నీ ఎర్రగా వెళ్లాయి. తోటకు ఏదో తెగులు తగిలిందని నాలుగో రోజు పట్నం నుంచి పూల డాక్టరు కారేసుకుని దిగాడు. అసలు సంగతి తెలిసి అతను షెడ్డులోనే కూర్చుని నవ్వాడు. జంగయ్య మాత్రం కెమెరా కళ్లు తుడిచి, బొట్లు కాస్త పక్కకు జరిపి పెట్టాడు. పండగ నాడు పెట్టిన బొట్టు పూర్తిగా చెరపడానికి ఆయనకు మనసొప్పలేదు.

సంక్రాంతి తర్వాత ఒకసారి తోట చివర గేటు దగ్గర ఉండిపోయి పది నిమిషాలు నీలం మాట నొక్కలేకపోయాడు. వెంటనే సమత, పూలు తెంపే సాలమ్మకు ఫోను చేసి, జంగయ్య అంకుల్ నొక్కడం లేదు, ఏమైందో చూడమంది. సాలమ్మ పరుగున వచ్చింది. తనకోసం ఒక మనిషి పరుగెత్తడం జంగయ్య అప్పుడే చూశాడు. ఆ రోజంతా సాలమ్మ ముందు సిగ్గుపడుతూ తిరిగాడు.

ఈ రోజు మోటారు మొదలైన పది నిమిషాలకు ఫోను మోగింది. సమత.

"అంకుల్, ఇప్పుడు ఆ డబ్బా ఇంకోసారి వస్తది. అందుల చిన్న గడి ఉంటది. అది తట్టి, తర్వాత నీలందే నొక్కండి. ఇగ మిమ్మల్ని రోజూ అడిగేది ఉండదు."

జంగయ్యకు అర్థం కాలేదు. "అడుగకుండనే వస్తవా మేడం?"

"ఆ. ఎండల మీరు ఉరికొచ్చి నొక్కే తకలీఫ్ ఉండదు."

"మరి నేను వచ్చినట్టు మీకెట్ల ఎరుకైతది?"

దాని అవసరం ఉండదని సమత మెల్లగానే చెప్పింది. మంచి పిల్ల. ఆయనకు సుఖమవుతుందనే అనుకుంది. జంగయ్య, పొద్దున తాను అడిగిన మాటకు జవాబు చెప్పలేదేమని అడిగాడు. ఏ మాట అని అడిగింది సమత.

"చాయ తాగినవా అని. రోజు అడుగుత గద, నొక్కినంక."



"అంకుల్, నాకు మీ ఫోన్ స్క్రీన్ ఒక్కటే కనిపిస్తది. మీ మాట రాదు. మీరు కనిపించరు."

జంగయ్య పైగుండీ దగ్గరికి చెయ్యి పోయింది. ఎనిమిది నెలలుగా ఆ పిల్ల చూస్తుందని చొక్కా వేసుకుని నిలబడ్డాడు. బట్టలు మార్చుకునేటప్పుడు ఫోను మీద తువ్వాలు కప్పాడు. ఎనిమిది నెలల మాటలు మరి ఎటు పోయినట్టు? ఎంత ఆలోచించినా ఆయనకు తోచలేదు. డబ్బా వచ్చింది. చెప్పినట్టే గడి తట్టాడు. నీలం మాట మీద వేలు పెట్టబోయి ఆగాడు. నొక్కకపోతే పిల్లకు మాట వస్తుందేమోననిపించింది. నొక్కాడు.

పదకొండుకు అలవాటు కొద్దీ మోటారు గదికి వచ్చి, వేలు తుడుచుకుని నిలబడ్డాడు. ఫోను వెలిగింది. డబ్బా రాలేదు. చుక్క నేరుగా వచ్చి, దాని పని అది చూసుకుని పోయింది. తుడుచుకున్న చేతిని ఏం చేయాలో తెలియక జంగయ్య వెనక్కి పెట్టుకున్నాడు.

నీళ్లకు వచ్చిన సాలమ్మతో అన్నాడు. "అడుగకుండనే వచ్చిందే."

"మంచిదే గదన్నా. పని తప్పింది."

తప్పిందా, పోయిందా? జంగయ్య తేల్చుకోలేకపోయాడు. ఏప్రిల్ ఎండకు పాలీహౌసు లోపల ఊపిరి ఆడడం లేదు. రెండు వరుసలు పూలు తెంపేసరికి ఎడమ భుజం లాగింది. పొద్దున తాగిన చాయ పైకి తంతున్నదనుకున్నాడు. చెంబెడు నీళ్లు తాగి మోటారు గదిలో కొబ్బరిపొట్టు బస్తా మీద, ఫోనుకు ఎదురుగా కూర్చున్నాడు. అన్నం డబ్బా పక్కనే ఉంది, తినబుద్ధి కాలేదు.

పన్నెండున్నరకు చుక్క వచ్చింది. ఫాగర్లు మొదలయ్యాయి.

"ఈన్నే ఉన్న బిడ్డా," అన్నాడు. వినపడదని వెంటనే గుర్తొచ్చింది. లేచి వేలితో ఆ మరక దగ్గర ఒకసారి తాకితే తెలుస్తుందేమో అనుకున్నాడు. తాకితే ఆగిపోతుందేమోనని భయమేసింది. ఎత్తబోయిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. బయట నీటి పొగ పూల మీద దిగుతోంది. చుక్క ఎటు వెళ్తే ఆయన చూపు అటు వెళ్లింది. తర్వాత చుక్క ముందుకు పోయింది, చూపు ఉన్నచోటే ఉండిపోయింది.

ఒంటిగంటకు ఫోను మోగింది. జంగయ్య మామూలు ఫోను చెడిపోయిన నాటి నుంచి ఆయన సిమ్ము దీన్లోనే ఉంది. తిన్నావా అని అడగడానికి గోపమ్మ రోజూ ఈ వేళకు చేస్తుంది. అప్పుడే సమత మొక్కల మందు నీళ్లు వదులుతోంది. ఆమె కంప్యూటరు మీద గోపమ్మ పేరు అడ్డంగా వచ్చింది. అంకుల్ తర్వాత ఆయనే చేసుకుంటాడులే అనుకుని, చుక్కను ఎర్ర గుర్తు మీదికి నడిపి కాల్ కట్ చేసింది. మందు నీళ్లు ఏ లోటూ లేకుండా అన్ని షెడ్లకూ అందాయి.

రెండు దాటాక సాలమ్మ నీళ్లకు వచ్చి చూసింది. పిలిచింది. భుజం పట్టి కదిపింది. ఆటో పిలిచి, ఒళ్లో తల పెట్టుకుని చేవెళ్ల దవాఖానకు తీసుకువెళ్లింది. ప్రాణం పోయి రెండు గంటల పైనే అయిందని అక్కడ చెప్పారు. అటు నుంచి అటే ముడిమ్యాల తీసుకుపోతున్నామని సాలమ్మ సమతకు ఫోను చేసింది. సమత ఒక్క మాటే అడిగింది.

"ఎన్ని గంటలకు అక్కా?"

"ఎవ్వరు చూసిన్రు బిడ్డా. పన్నెండున్నరకు అటిటు."

నిన్నటి రోజైతే పన్నెండున్నరకు డబ్బా అడిగేది. ఆయన నొక్కేవాడు కాదు. పది నిమిషాల్లో సాలమ్మ పరుగెత్తేది. ఇదంతా సమతకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఏడుపు వచ్చింది. ఏ ముఖాన్ని తలుచుకుని ఏడవాలో తెలియలేదు, ఆమె ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

నాలుగైంది. పాలీహౌసుల్లో వేడి పెరుగుతోందని కంప్యూటరు చెబుతోంది. సమత ముఖం తుడుచుకుని మొయినాబాదు ఫోనును తెరిచి, చేతిని వెనక్కి తీసుకుని ఆగింది. ఎనిమిది నెలలుగా ఈ చోట రోజూ ఆగేది, అవతల ఎవరో నొక్కేదాకా. ఒక నిమిషం చూసింది. రెండు నిమిషాలు చూసింది. ఏ డబ్బా రాలేదు, ఎవరినీ అడగకుండానే తోట తెరుచుకుని ఉంది. ఫాగర్లు నడిపింది.

మోటారు గదిలో బస్తా మీద మనిషి కూర్చున్న గుంట ఇంకా పూడలేదు. గోడ మీది ఫోనులో చుక్క కిందికి వచ్చి, కుడివైపు గాజు మీది పసరు మరక అడుగు నుంచి దూరి, అవతలికి పోయింది. ఆమె తెర మీద ఎన్నడూ కనిపించని ఆ బొటనవేలి ముద్ర మాత్రం ఉన్నచోటే ఉంది.