ఉరుము నాది, పేరు వాడిది

నేను ఒక ఎకో పెట్టెను. కంప్యూటర్ తెర మీద కనిపించే బొమ్మను కాను, నిజం పెట్టెను. రేకు ఒళ్లు, లోపల బారుగా లాగి కట్టిన సన్నటి స్ప్రింగులు. పాడేవాళ్ల గొంతు తీగ వెంట నాలోకి వస్తుంది, స్ప్రింగుల్లో కాసేపు వణుకుతుంది, బయటికి పోయేటప్పుడు పెద్ద మండపంలో పాడినట్టు పోతుంది. ఇరుకు గదిలో పాడినవాళ్లను అంత పెద్దవాళ్లను చేసి పంపడమే నా పని. అందుకు ఎవరూ నాకు దండం పెట్టలేదు, అది వేరే సంగతి.

నన్ను చేసింది హన్మకొండలో రేడియోలు బాగుచేసే ఐలయ్య. చేయించుకున్నది సారయ్య. అప్పుడే అతను కొత్తగా క్యాసెట్ల స్టూడియో పెట్టాడు. జాతర పాటలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, ఏది రికార్డు చేసినా నేను లేనిదే నడిచేది కాదు. పాడేవాళ్లు మైకు ముందుకు రాగానే "జర ఎకో పెట్టన్నా" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు పులకరించేది.

నాకో జబ్బుంది. ఎవరైనా తగిలితే ఊరుకోలేను. స్ప్రింగులు ఒకదానికొకటి కొట్టుకుని ఢమ్మని ఉరుముతాను. మొదట్లో సారయ్య నన్ను తిట్టేవాడు. ఒగ్గు కథ చెప్పే బీరయ్య వచ్చాక ఆ జబ్బే నాకు కొలువైంది. ఎల్లమ్మ కథలో అమ్మవారు పుట్ట పగిలి బయటికొచ్చే ఘట్టం దగ్గర సారయ్య మోచెయ్యి నాకు తగిలింది. నేను ఉరిమాను. దాంతో బీరయ్య ఎత్తుకున్న రాగానికి డోలు కొట్టేవాళ్లే కొట్టడం మరిచిపోయారు.

అప్పటినుంచి అదే ఆనవాయితీ. ఆ ఘట్టం రాగానే మైకు గది అద్దానికి ఇవతల సారయ్య చెయ్యెత్తుతాడు, అవతల బీరయ్య ఊపిరి బిగబడతాడు. నా వీపు మీద చరుపు పడుతుంది. నేను ఉరుముతాను, అతను గొంతెత్తుతాడు. జాతరల్లో ఆ క్యాసెట్టు వింటే పూనకాలు వచ్చేవట. అందులో సగం పుణ్యం నా వీపుది.

తర్వాత క్యాసెట్లు పోయాయి. సారయ్య కూతురు అఖిల పట్నంలో ఈ పనే నేర్చుకుని వచ్చి కంప్యూటర్ పెట్టింది. సహించాను. నేను సహించలేనిది వాణ్ని.

"నాన్నా, గీ ప్లగిన్ ఫ్రీ! పాతకాలపు స్ప్రింగ్ ఎకో. అచ్చం మన పెట్టె లెక్కనే ఉన్నది సూడు!" అని అఖిల ఒక మధ్యాహ్నం కేకేసింది.

నేనూ చూశాను. కంప్యూటర్లోకి దింపుకుంటే చాలు, పెట్టె లేకుండానే ఎకో ఇస్తాడట వాడు. తెర మీద రేకు పెట్టె బొమ్మ, మూలల్లో తుప్పు కూడా గీశారు! నా తుప్పు ఎన్నో వానాకాలాలు గోడ చెమ్మకు నాని తెచ్చుకున్నది. వాడు తుప్పుతోనే పుట్టాడు. బరువు లేదు, బుర్రుమనే మోత లేదు. పైగా డోలుకొకడు, తాళాలకొకడు, గొంతుకొకడు, ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల ఒకేసారి ఉంటాడు. నేను ఒక్కదాన్నే కదా.

అఖిల మౌసుతో వాణ్ని నిమిరేది. నా నెత్తిన టీ గ్లాసు పెట్టేది. చెప్పడానికి సిగ్గెందుకు, కరెంటు పోతే వాడి పీడ విరగడవుతుందని ఎదురుచూశాను. పోయాక గుర్తొచ్చింది, అది లేకపోతే నాకూ నోరు లేదని.

మొన్న అఖిల నన్ను తీసుకెళ్లి గుమ్మం పక్కన పెట్టింది. "పాత సామాన్లాయన వస్తే ఇచ్చేద్దామా నాన్నా?"

"ఇచ్చెయ్ బిడ్డా" అన్నాడు సారయ్య, పేపర్లోంచి తలెత్తకుండా. ఆ తెర మీది వాడు వచ్చిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ పూటే బీరయ్య వచ్చాడు. ఎల్లమ్మ కథను యూట్యూబ్ కోసం మళ్లీ రికార్డు చేస్తున్నారు. జుట్టు నెరిసింది కానీ గొంతు నెరవలేదు. కథ బాగానే సాగి పుట్ట దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగి, అద్దం వంక చూశాడు.

"ఆగినవేంది తాతా?" అంది అఖిల.

"ఉరుమేది బిడ్డా?"

"తర్వాత కలుపుత. నెట్ల మస్తు ఉరుములున్నయ్."

"ఉరుమకుంట ఎల్లమ్మ ఎట్ల పుడ్తది? అమ్మ పుట్టినంక ఉరుముతదా?"

అఖిల నవ్వి, ఏ దేశపు ఆకాశానిదో ఒక ఉరుము వెతికి, దానికి వాడి ఎకో పూసి హెడ్‌ఫోన్లలో వినిపించింది. బీరయ్య గొంతెత్తాడు. రాగం మధ్యలో కూలబడింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ కూలబడింది. "నా తోని కాదు బిడ్డా. ఇంకెవరితోనన్న చెప్పిచ్చుకో" అని హెడ్‌ఫోన్లు తీసేశాడు. వీధిలో పాత సామాన్లాయన కేక వినిపించింది.

సారయ్య లేచి వచ్చి నన్ను రెండు చేతులా ఎత్తాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అతను లోపలికి తిరిగాడు. టేబుల్ మీద పెట్టి, దుమ్ము లుంగీ అంచుతో తుడిచి, తీగలు గుచ్చాడు. నేను బుర్రుమన్నాను.

"అబ్బ, ఏం మోత నాన్నా ఇది!"

"ఉండనియ్."

బీరయ్య మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అద్దం ఇవతల సారయ్య చెయ్యెత్తాడు. చరుపు పడింది. ఇన్నాళ్ల కుళ్లంతా కలిపి ఉరిమాను. బీరయ్య రాగం పైకి లేచి, ఇక దిగలేదు. అఖిల మౌసు వదిలేసి కూర్చుండిపోయింది.

నన్ను మళ్లీ అరలో పెట్టారు. ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టే ఉంటుంది. కానీ మర్నాడు అఖిల నా మోతను శుభ్రంగా తుడిచేసి, నా ఉరుము మీద కూడా వాణ్నే పూసింది. నా కళ్లముందే! కథ యూట్యూబ్‌లోకి ఎక్కింది. కింద కామెంట్లలో ఎవరో అడిగారు: "అక్కా, ఆ ఉరుము ఏ ప్లగిన్‌ది?"

అఖిల నా వైపు చూసింది. చూసి, వాడి లింకు పెట్టింది.

"పెట్టె అని చెప్పరాదా?" అన్నాడు సారయ్య.

"చెప్తే నమ్మరు నాన్నా."

ఇప్పుడు ఊరూరా వాణ్ని దింపుకుంటున్నారట. దింపుకోండి, ఫ్రీయే కదా. దింపుకుని, వాడి వీపు ఎక్కడుందో వెతికి, ఒక్క చరుపు చరిచి చూడండి.