సగటులో కలిసిన నల్ల రాగులు

ధాన్యాలు పరీక్షించే ఆ ల్యాబులో అందరూ ఆమెను తూకాలమ్మ అనేవారు. చిటికెడు పిండినైనా మూడుసార్లు తూచందే ఆమెకు మనసు కుదుటపడదు. పదకొండు ప్రాంతాల రాగులు పరీక్షకు వచ్చిన ఏడాది, వాటిలో ఒక సంచీ ఆమె పెద్దమ్మ కొండవాలు చేలోది. నల్లటి, కంటికి ఆనని గింజలు.

పిండిని కాల్చి బూడిద చేసి, అందులో కాల్షియం ఎంతుందో కొలిచింది. మిగతా పది రకాల మధ్య కాస్తో కూస్తో తేడా. పెద్దమ్మ రాగుల్లో మాత్రం వాటికి ఒకటిన్నర రెట్లు ఉంది. ఇనుమూ అంతే. నమ్మలేక మళ్ళీ చేసింది. మూడోసారీ అదే రావడంతో కాగితం పట్టుకుని పెద్దసారు గదిలోకి ఒక్క పరుగున వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "బాగానే ఉంది. దిగుబడి ఎంత?"

"సగమే సార్, కానీ..."

"సగం పండేదాన్ని ఎవరు వేస్తారమ్మా? పదకొండూ కలిపి సగటు రాసెయ్. రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని ఓ ముక్క చేర్చు."

ఆయన తయారుచేసిన తెల్ల రాగుల రకం అప్పటికే విడుదలకు సిద్ధంగా ఉంది. ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలూ ఆయన బల్లమీదే ఉంది. ఆమె సగటు రాసి సంతకం పెట్టింది.

వానలకు ముందు పెద్దమ్మ ఫోను చేసింది. "ఏమే, మీ ఆఫీసువాళ్ళు తెల్ల విత్తనం ఊరికే పంచుతున్నారు. వీళ్ళ మాటలు నాకు తలకెక్కవు. నువ్వు చెప్పు, వెయ్యమంటావా?"

పక్క బల్ల దగ్గరే పెద్దసారు నిలబడి ఉన్నాడు.

"వెయ్యి పెద్దమ్మా," అంది.

మూడేళ్ళకు పెద్దసారు రిటైరయ్యాడు. ఆయన స్థానంలో వచ్చినావిడ పాత నోటుపుస్తకాలన్నీ తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. "ఇంత కాల్షియమా! గుప్పెడు విత్తనం దొరికితే చాలు, తెల్లదానితో కలిపి కొత్త రకం తీద్దాం."

తూకాలమ్మ మర్నాడు మొదటి బస్సెక్కింది.

పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నల్లవా? రెండేళ్ళు దాచాను. పురుగు పట్టేసరికి కోళ్ళకి వేసేశాను."

"చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవా?"

"అందరూ మానేశారు. మా అమ్మాయే చెప్పిందని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే కదే. అయినా తేడా లేదన్నారుగా మీవాళ్ళు?"

"ఉంది పెద్దమ్మా. నీవే అన్నిటికన్నా మంచివి. అప్పుడే తెలుసు నాకు."

పెద్దమ్మ తిట్టలేదు. ఎప్పుడొచ్చినా కడుపునిండా పెట్టందే కదలనివ్వని మనిషి, "బస్సుకి వేళవుతోంది, వెళ్ళు," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆఫీసులో కొత్తావిడ రిజిస్టరులో ఆ వరుసకు ఎదురుగా 'విత్తనం దొరకలేదు' అని రాసింది. "ఎవరి చేలోవో తెలుసా మీకు?"

"మా పెద్దమ్మవి మేడం."

"అయ్యో, మరి అప్పుడే ఓ గుప్పెడు దాచమని చెప్పకపోయారా!" అందామె మామూలుగా.

తూకాలమ్మ తర్వాతి సంచీ ముడి విప్పింది. తూచే ముందే ఓ గుప్పెడు గింజలు తీసి విడిగా మూట కట్టింది.