ఏ కంటికి ఏ ముడి

పడవ చెరువు నడుమకి వచ్చి ఆగగానే టైలరమ్మ తాడు వదిలింది. తాడు చివర తెలుపూ నలుపూ పూసిన పళ్ళెమంత బిళ్ళ మెల్లగా మునిగింది. అది కనపడకుండా పోయేసరికి తాడు మీద ఎన్నో ముడి నీటి అంచున ఉందో చూసి, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చెరువు సంఘానికి చెప్పడం ఆవిడ పని. జీతం లేదు. భర్త తెడ్డు వేస్తాడు, సణుగుతాడు. రెండూ ఉచితమే.

ఏళ్ళ తరబడి బిళ్ళ నాలుగో ముడి దాటి కనపడలేదు. పోయిన రెండుసార్లూ ఆరో ముడి దాకా కనపడింది. చెరువు తనంతట తనే తేటపడుతోందని సంఘం సంబరపడి, మురుగు వచ్చి పడేచోట వడకట్టే గుంట తవ్వాలన్న మాట ఆ సాయంత్రం మీటింగులో మానుకోబోతోంది. తవ్వితే పోయేది సంఘం పెద్దగారి కూరగాయల తోట. ఆ పెద్ద స్వయానా ఆవిడ వియ్యంకుడు. కూతురు కాపురం ఆ ఇంట్లోనే.

కానీ పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుని, ఒక్క ప్రయత్నంతో సూదిలో దారం ఎక్కించినప్పటినుంచి ఆవిడ మనసు కుదురుగా లేదు. కుడికంటి శుక్లం తీయించుకున్నది ఆ రెండు కొలతలకి కాస్త ముందే.

ఇప్పుడు కుడికన్ను అరచేత్తో మూసింది. నాలుగో ముడికే బిళ్ళ మాయం. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసింది. బిళ్ళ శుభ్రంగా కనపడుతోంది. తాడు వదులుతూ పోతే ఆరో ముడి.

కన్ను బాగుపడిందని సంతోషించి ఊరుకోమని ఒడ్డు చేరేదాకా భర్త నచ్చజెప్పాడు. వియ్యాలవారితో పేచీ మంచిది కాదన్నాడు. ఆవిడ వింటూనే ఫోను తీసింది.

"కొత్త కంటికి మా తోట ఎలా ఉంది చెల్లెమ్మా?" అని నవ్వాడు వియ్యంకుడు.

ఆవిడ సంగతి చెప్పింది. అవతల నవ్వు ఆగిపోయింది.

"అంటే ఇన్నాళ్ళూ మసక చెరువులోనా, నీ కంట్లోనా?"

"ఏమో అన్నయ్యగారూ, నాకూ తెలీదు. చెరువు బాగుపడిందని మాత్రం నా మాట పట్టుకుని అనకండి."

ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత ఆవిడకి ఏ పనీ సాగలేదు. కుట్టిందే విప్పింది, విప్పిందే కుట్టింది. చెరువు తేటపడిందని ఇన్నాళ్ళూ నీకు దణ్ణాలు పెట్టాను కదా స్వామీ, అవి ఏ లెక్కలో వేసుకున్నావు అని మనసులోనే అడిగింది. అడిగినందుకు చెంపలేసుకుంది.

పొద్దుగూకే వేళకి కూతురు ఫోను చేసింది.

"గుంట తవ్వుతారట. మీటింగులో మామయ్యగారే లేచి నీ కన్ను సంగతి చెప్పారు. ఇంటికొచ్చి పిందెలతో సహా అన్నీ కోసేస్తున్నారు. ఎవరితోనూ మాట్లాడటం లేదు."

"నీకూ కోపంగా ఉందా?"

"ఉండదా మరి? ఈ ఇంట్లో ఉండేది నేను."

"సంచీ తీసుకుని రానా, కోయడానికి?"

ఫోనులో వెనకాల బుట్టలో కాయలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రా," అంది కూతురు. "నాన్ననీ తీసుకురా. నువ్వొక్కదానివీ రాకు."