ఇరే పేరుకు రెండు కొమ్మలు

బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు పేరు పెట్టాలి. ఇలేషా ఊళ్లో కెమిస్ట్రీ మాస్టారు ఒలానివున్ ఇంట్లో పళ్లెం నిండా తేనె, పామాయిలు, ఎండుచేప సర్దారు. చక్కెర, కొవ్వు, మాంసకృత్తు పక్కపక్కన కూర్చున్నట్టు కనిపించి మాస్టారి మనసు నిండిపోయింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మాస్టారి పెద్దన్న అదెగోకే బిడ్డకు అకిన్‌యేమీ అని పేరిచ్చాడు. చిన్నన్న సిజువాదే, "ఒలువదామిలారే" అన్నాడు. అత్తగారు బామిటాలే, "ఇరే" అంది. ఎవరి పేరు అసలుది కావాలన్న దగ్గర గొంతులు లేచాయి.

"గొడవెందుకు? కర్బన పదార్థాలకు పేర్లు పెట్టే పద్ధతుందిగా!" అంటూ మాస్టారు గోడకు నల్లబల్ల ఆనించాడు. "పొడుగు గొలుసే అసలు పేరు. మిగతావి కొమ్మలు."

"ఇంకేం, నాదే!" అని సిజువాదే తొడ చరిచాడు.

"పొట్టి పేరుకు దిక్కే లేదా అల్లుడూ?" అంది అత్తగారు.

మాస్టారు అబద్ధమాడలేని మనిషి. "ఉందత్తయ్యా. ఆమ్లమున్న గొలుసు పొట్టిదైనా దానిదే పెత్తనం."

"ఆమ్లమంటే?"

"తగిలితే చురుక్కుమంటుంది."

అన్నలిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ నోరెలాంటిదో ఊరందరికీ తెలుసు. "ఇంక మాట్లాడేదేముంది," అన్నాడు అదెగోకే నీరసంగా. ఆవిడ తలగుడ్డ సర్దుకుని గర్వంగా కూర్చుంది.

గొలుసులో ఏ కొమ్మ ఎన్నో కర్బనం మీదుందో మాస్టారు అంకెలు వేశాడు. ఒకటి అత్తగారి ఆమ్లానిది, అదెగోకేకి రెండు, సిజువాదేకి మూడు.

"నేను మూడోవాణ్ణా? అటు చివర్నించి లెక్కెట్టరా!"

"కుదరదన్నయ్యా. ఆమ్లం వైపునుంచే లెక్క."

"అన్నీ మీ అత్తగారి వైపునుంచేనా!" సిజువాదే తన పేరు వెనక్కి తీసుకుని బయల్దేరాడు. తెచ్చిన పామాయిలు సీసా కూడా చంకన పెట్టుకున్నాడు.

మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. బిడ్డనెత్తుకుని లోపలినుంచి భార్య మోజిసోలా వచ్చింది. "ఏవండీ, బావగార్లిద్దర్నీ ఒకే కర్బనం మీద కూర్చోబెట్టకూడదా?"

"కూర్చోబెట్టొచ్చు!" అని మాస్టారు ఎగిరి గంతేశాడు. ఇద్దరికీ రెండే వేశాడు.

"మాటేనా? నిజంగా కూర్చోబెడితే నమ్ముతాను," అన్నాడు సిజువాదే గుమ్మం దగ్గర ఆగి. ఉన్న ఒక్క కుర్చీలో భారీ శరీరాలు రెండూ ఇరుక్కున్నాయి. అదెగోకే కుర్చీలోంచే బిడ్డ నాలుకకు తేనె రాసి, "రెండు, రెండు, అకిన్‌యేమీ ఒలువదామిలారే ఇరే!" అని ప్రకటించాడు. అందరూ అంకెలతో సహా అన్నారు.

భోజనాలు వడ్డించినా అన్నలు లేవలేదు. లేచినవాడు మూడోవాడైపోతాడని భయం. చూసి చూసి అత్తగారు ఒకే పళ్లెంలో ఇద్దరికీ అన్నం కలిపి తెచ్చింది.