గుమ్మం మీద తమైన్

"సువార్తలో ఆ రక్తస్రావం ఉన్న ఆవిడ పన్నెండేళ్ళు ఓర్చుకుంది. నీకు ఏడాదికే ఆపరేషన్ కావాలా?" అన్నాడు చార్లెస్, టీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.

ఫ్లోరెన్స్ గ్లాసు ఇచ్చి గోడ పట్టుకుంది. ఏడాదిగా ఆగని రక్తం. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. రంగూన్ బోటాటౌంగ్‌లోని ఆ మూడో అంతస్తు ఇంటికి ఎక్కాలంటే మధ్యమధ్య మెట్ల మీద కూలబడాలి. గర్భసంచిలో గడ్డ ఉంది, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ చెప్పింది. కానీ చార్లెస్ రేవులో గుమాస్తా మాత్రమే కాదు, తెలుగు బాప్టిస్టు సంఘానికి పెద్ద కూడా. నా భార్యను ప్రార్థనే బాగుచేస్తుందని గుడిలో అందరి ముందూ చెప్పేశాడు. ఇప్పుడు కత్తి పెట్టిస్తే ఆయన మాట ఏమైపోను? ఆయన మాట నిలబడాలంటే ఈమె పడిపోవాలి. ఈ రక్తాలు తనకీ వచ్చాయనీ, తను ఎవరితో చెప్పుకుందనీ అత్తగారు సాధించేది. దేవుడు నీకు ఓర్పు నేర్పుతున్నాడమ్మా అని పాస్టరు అయ్యగారు ప్రతి ప్రార్థన కూడికలోనూ చెప్పేవారు. ఆ నేర్పేదేదో ఒక్కసారైనా మగాళ్ళకు నేర్పొచ్చుగా అని ఆమె పైకి అనలేదు. తన రోగం పోవాలని ప్రార్థించడానికి వచ్చిన వాళ్ళకు తనే వండింది, వాళ్ళు తిన్న గిన్నెలు తనే తోమింది.

ఒకరోజు ఆ వాక్యం తనే తీసి చదివింది. చార్లెస్ ఎన్నడూ చెప్పని సంగతులు అందులో ఉన్నాయి. ఆవిడ ఊరికే ఓర్చుకోలేదు. వైద్యుల చుట్టూ తిరిగింది. చివరికి ఎవరినీ అడక్కుండా, ఆ రక్తంతోనే జనంలోకి పోయి ప్రభువు వస్త్రం పట్టుకుంది. మైలపడ్డానని ఆయన విదిలించుకోలేదు, కుమారీ అని పిలిచాడు. ఏడాదిగా దేవుడు తనను దండిస్తున్నాడనుకుంది ఫ్లోరెన్స్. కాదు, లేచి పొమ్మని పొడుస్తున్నాడు. సరే, పోతుంది. కానీ వీళ్ళను ఊరికే వదిలిపోవడానికి మనసొప్పలేదు. క్షమించాలని తెలుసు. తర్వాత క్షమిస్తుంది, ఒంట్లో కాస్త రక్తం పట్టాక.

శనివారం సాయంత్రం వాళ్ళింట్లోనే కూడిక. పక్కింటి బర్మా ఆవిడ డో ఖిన్ ఆస్పత్రిలో మంచం మాట్లాడి, కింద టాక్సీలో కూర్చుంది. ఫ్లోరెన్స్ పొయ్యి వెలిగించలేదు. తన తమైన్లలో, ఉతికినా మరక వదలని దాన్ని ఏరి తీసింది. ఆడది నడుముకు కట్టే ఆ లుంగీని మగవాళ్ళ తలకు పైన ఆరేయకూడదు. దాని కింద నడిచిన మగాడి తేజస్సు పోతుందని రంగూన్‌లో ప్రతివాడికీ భయం. అది అన్యుల ఆచారమని గుడిలో కేకలేసే వాళ్ళకూ లోపల అదే భయం. స్టూలెక్కి, ఆయాసపడుతూ, దాన్ని గుమ్మం పైన అడ్డంగా కట్టింది.

"ఒలే, నీకేటైనా మతిపోనాదా," అంది మోకాళ్ళ నొప్పులతో లేవలేని అత్తగారు మంచం మీంచి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు పైకొచ్చి గుమ్మం ముందు ఆగిపోయింది. ముందు చార్లెస్, వెనక అయ్యగారు, మైకేల్‌గారు, మిగతా పెద్దలు, చంకల్లో బైబిళ్ళు.

"ఏటే ఇది? దింపు," అన్నాడు చార్లెస్ గొంతు తగ్గించి.

"ఏసయ్య బయపడనేదు. మీకేటి బయం? తల వంచితే చాలు, రండి."

ఒక్క తలా వంగలేదు. ఇది కట్టుబాటేగానీ మతం కాదని మైకేల్‌గారు గొణిగారు. ముందు మీరు పదండంటే మీరు పదండని వెనక గుసగుసలు. అయ్యగారు గుడ్డను చూసి, మరకను చూసి, కళ్ళు నేలకు దించారు.

"నాకు ఓర్పు నేర్పినారు గదా అయ్యగారూ," అంది ఫ్లోరెన్స్ మెత్తగా. "అక్కడే నిలబడి మీరూ కొంచెం నేర్చుకోండి."

సంచి తీసుకుని, తన తమైన్ కిందనుంచే బయటికొచ్చింది. ఆమె ఎక్కడ తగులుతుందోనని పెద్దలంతా మెట్ల గోడకు అంటుకుపోయారు. ఆమె రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగుతోంది.

"మరి ఇంటికెప్పుడొత్తావు?" అన్నాడు చార్లెస్ పైనుంచి.

ఆమె ఇంకో మెట్టు దిగింది.

"ముందు మీరు ఎల్లండి ఇంట్లోకి."