పిండిమరలో వాగుడుకాయ

నేను ఒక ఇనుప కడ్డీని. ఎన్నో ఏళ్లు ఒక సందేహం మోశాను. ఆ రోజు నేను ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే, అబ్నర్‌కు తన కూతురి కేక వినిపించేదా?

అబ్నర్ తండ్రి సైలస్ వీలాక్ సముద్రం దాటి వచ్చి, అమెరికాలోని కనెక్టికట్ కొండల్లో అడవి నరికి, ఏటికి అడ్డుకట్ట వేసి పిండిమర కట్టాడు. కమ్మరి చేత నన్ను సాగగొట్టించి, తిరిగే రాయి మీద నిలబెట్టాడు. రాయితో పాటు తిరుగుతూ గింజల తొట్టి కింది చెక్కను టకటకా కొట్టడమే నా పని. నా దెబ్బలకు మొక్కజొన్న గింజలు రాయి నడుమ ఉన్న కంతలోకి రాలిపడేవి. క్షణం ఊరుకోకుండా ఆడపిల్లలా వాగుతానని మరవాళ్లు నాకు 'పడుచు' అని పేరు పెట్టారు. ఆ మరలో అరిచి మాట్లాడేది మాత్రం మగవాళ్లే.

సైలస్ పోయాక మర అబ్నర్‌కు వచ్చింది. తండ్రి చెవుడు కూడా ఆ రొదలోనే అతనికి సంక్రమించింది.

"ఇంట్లో ఒకావిడ, మరలో ఒకావిడ. ఎవరి మాట వింటావయ్యా?" అని రైతులు అతని చెవిలో అరిచి ఆటపట్టించేవారు.

"ఎవరిదీ వినపడదు. అందుకే నా కాపురం నిలిచింది" అని నవ్వేవాడు.

ఒక వసంతంలో మంచు కరిగి ఏరు పొంగింది. అబ్నర్ కూతురు, ఆరేళ్ల లోయిస్, మర చక్రాన్ని తిప్పే కాలువలోకి జారిపడింది. తల్లి హల్దా అవతలి గట్టున బట్టలు ఉతుకుతోంది. ఆమె వంతెన దాటి వచ్చేసరికే నీళ్లు పిల్లను చక్రం దాకా లాక్కొచ్చాయి. చక్రం ఆగితే గానీ అబ్నర్‌కు ఏదో జరిగిందని తెలియలేదు.

సమాధి మీద మట్టి ఆరకముందే అతను భార్యను అడిగాడు.

"హల్దా, పిల్ల నన్ను పిలిచిందా?"

ఆమె పలకలేదు. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు అడిగినా పలకలేదు. వేళకు తిండి పెట్టింది, చొక్కాలు కుట్టింది, జ్వరం వస్తే పక్కనే కూర్చుంది. ఆ ఒక్క జవాబు మాత్రం బాకీ పెట్టింది. తనను క్షమించలేకనే ఆమె పలకడం లేదని అబ్నర్ అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. దేవుడు అందరి మొరా వింటాడని పాదిరిగారు చెప్పేవారట. మొర వినలేని తండ్రి ఏ ముఖంతో ప్రార్థన చెయ్యాలో ఆయన చెప్పారో లేదో నాకు తెలియదు.

లోయిస్ తమ్ముడు ఏసా పెద్దవాడై మరలోకి కొత్త యంత్రాలు తెచ్చాడు. నన్ను ఊడదీసి గోడకు ఆనించాడు. ఏటి చప్పుడు నేను మొదటిసారి తీరిగ్గా విన్నది అప్పుడే. ముసలి అబ్నర్ ఆగిపోయిన రాయిని చూస్తూ బల్ల మీద కూర్చున్నాడు. హల్దా వచ్చి పక్కన కూర్చుంది. అతని గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. పెదాలు కనబడేలా నిదానంగా చెప్పింది.

"పిల్ల పిలిచింది మిమ్మల్ని కాదండీ. 'అమ్మా' అంది. నేను విన్నాను."

అబ్నర్ ఆ పెదాల వంకే ఇంకాసేపు చూశాడు. తర్వాత ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకున్నాడు. పాత ఇనుము బండివాడు వచ్చి నన్ను ఎత్తుకుపోయేటప్పటికి కూడా ఆ ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.